రెండు మేలురకాలు, కుదరని జోడు

చేతిలో డబ్బుంటే మంచి స్పీకర్ చేసుకోవచ్చని చాలాకాలం నమ్మాను. మేలైన ఊఫర్, మేలైన ట్వీటర్ కొని, గట్టి పెట్టెలో బిగించి, మధ్యలో ఖరీదైన క్రాస్ఓవర్ పెడితే అది మేలైన స్పీకర్ అయి తీరుతుందనుకున్నాను. ఆ నమ్మకానికి డబ్బు పోయింది, ఏళ్లూ పోయాయి. వాటికంటే ఎక్కువ బాధపెట్టేది ఇంకొకటుంది. లోపం ఎక్కడుందో చెప్పిన మనిషి నా సొంత మనిషే అయినా, ఆ మాట చెవిన పెట్టలేదు. ఇది రాస్తున్నది ఆ సంగతి చెప్పుకోవడానికే.

స్పీకర్ పెట్టెలో శబ్దం పుట్టించే భాగాన్ని డ్రైవర్ అంటాం. అయస్కాంతం సందులో తీగచుట్ట, దానికి అతికిన కోన్. 1925లో జనరల్ ఎలక్ట్రిక్ ఇంజినీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ రూపొందించిన ఈ పద్ధతిలోనే నేటికీ చాలా డ్రైవర్లు తయారవుతున్నాయి. అయితే మృదంగం తొప్పిలోని గుంభనాన్నీ, తంబురా తీగ మీది జీవాన్నీ ఒకే కోన్ సమంగా పలికించలేదు. కింది స్వరాలకు ఎక్కువ గాలిని కదిపే పెద్ద కోన్ కావాలి, పై స్వరాలకు తేలికైన చిన్న డోమ్ కావాలి. అందుకే ఊఫర్, ట్వీటర్ పని పంచుకుంటాయి. ఎక్కడ ఒకటి తగ్గాలో, ఎక్కడ రెండోది అందుకోవాలో తేల్చేది క్రాస్ఓవర్.

నేను ఎంచుకున్న ఊఫర్ 18 సెంటీమీటర్లది, మెగ్నీషియం కోన్. ట్వీటర్ 25 మిల్లీమీటర్ల బెరీలియం డోమ్. దేనికదే గొప్ప పనితనం, ఆ మాట ఇప్పటికీ అంటాను. ఊఫర్ కేటలాగు తీసి, ఏ స్వరం ఎంత గట్టిగా పలుకుతుందో చూపే గీత కింది స్వరాల్లో ఎంత సాఫీగా ఉందో చూశాను. ట్వీటర్ కేటలాగు తీసి గీత ఎంత పైదాకా పోతోందో చూశాను. ఆ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఇవి కలిసేది ఎక్కడ అని మాత్రం చూడలేదు. తెలివితక్కువతనం మొత్తం అక్కడే ఉంది. తర్వాత చేసినవన్నీ దాన్ని కప్పిపుచ్చుకునే ప్రయత్నాలు.

మెగ్నీషియం గట్టి లోహం. కింది స్వరాల్లో కోన్ వంగకుండా ఒక్కటిగా కదులుతుంది. కానీ ఆ గట్టితనానికి ఒక మూల్యం ఉంది. దాదాపు 5000 హెర్ట్జ్ దగ్గర కోన్ గంటలా మోగుతుంది. కేటలాగులో ఆ శిఖరం స్పష్టంగానే కనిపిస్తుంది. నేనూ చూశాను. క్రాస్ఓవర్ 3000 దగ్గర పెట్టి, 5000 దగ్గర మరో ఫిల్టరుతో దాన్ని అణిచేస్తే సరిపోతుందనుకున్నాను. ఫిల్టరు ఆపేది ఆంప్లిఫయర్ నుంచి వచ్చే 5000ని మాత్రమేనని అప్పుడు తట్టలేదు. అయస్కాంతం, తీగచుట్ట కలిసి కోన్‌ను కదిపే మోటారు ఏదీ పూర్తి నిర్దుష్టంగా ఉండదు. అది 1670 హెర్ట్జ్ స్వరాన్ని పలికేటప్పుడు, దానికి మూడు రెట్ల దగ్గర, అంటే సరిగ్గా 5000 దగ్గర, కొద్దిపాటి కల్తీని తానే పుట్టిస్తుంది. అది ఫిల్టరు దాటాక పుట్టిన కల్తీ. కోన్ దాన్ని అందుకుని పెద్దది చేస్తుంది. గాత్రంలో 1670 చుట్టుపక్కల ఎప్పుడూ ఏదో ఒకటి పలుకుతూనే ఉంటుంది కాబట్టి, గొంతు పైస్థాయికి ఎక్కిన ప్రతిసారీ ఆ గరుకు వినిపించేది.

ఆ గరుకు వినపడకుండా ఉండాలంటే ఊఫర్‌ను 1500 దగ్గరే ఆపేయాలి. మరి ట్వీటర్ అంత కిందికి దిగుతుందా? ఒకే శబ్దమట్టం ఉంచి పౌనఃపున్యాన్ని సగం చేస్తే డోమ్ నాలుగు రెట్లు ఎక్కువ దూరం కదలాలి. నా ట్వీటర్ 2500కి పైన దివ్యంగా పాడేది, 1500 దగ్గర దానికి ఊపిరి చాలేది కాదు. ఊఫర్ ముందే దిగిపోతానంటుంది, ట్వీటర్ ఆలస్యంగా ఎక్కుతానంటుంది. రెండూ హాయిగా ఉండగలిగే ఉమ్మడి చోటు లేనే లేదు. జోడెడ్లు కొనే రైతు ఏ ఎద్దుకు ఎంత బలముందో ఒక్కటే చూడడు, రెండింటి నడకా కలుస్తుందా అని చూస్తాడు. నేను బలమే చూశాను.

రెండో పొరపాటు శబ్దం పరుచుకునే తీరుకు సంబంధించినది. 3000 హెర్ట్జ్ దగ్గర శబ్దతరంగం పొడవు పదకొండున్నర సెంటీమీటర్లు. నా ఊఫర్‌లో నిజంగా కదిలే కోన్ వెడల్పు పదమూడు. తరంగం కంటే కోన్ పెద్దదైనప్పుడు శబ్దం టార్చిలైటులా ముందుకే పోతుంది. అదే చోట 25 మిల్లీమీటర్ల డోమ్ నలువైపులా వెదజల్లుతుంది. ఎదురుగా కూర్చుని మైకు పెడితే గీత తిన్నగానే ఉండవచ్చు. పక్కకు పోయే శబ్దంలో మాత్రం 3000కి కాస్త కింద గొయ్యి, దాటగానే దిబ్బ. మన ఇళ్లలో బండల నేల, సున్నం గోడలు, తివాచీలు తక్కువ. పక్కకు పోయిన శబ్దమంతా గోడకు తగిలి చెవికే తిరిగొస్తుంది. అంటే నేను వింటున్నదాంట్లో పెద్దభాగం ఆ గొయ్యీ దిబ్బే.

మూడోది మట్టం లెక్క. కేటలాగులో ఊఫర్ 88 డెసిబెల్స్, ట్వీటర్ 92. నాలుగు తగ్గించే రెసిస్టర్లు ట్వీటర్‌కు తగిలిస్తే సమం అనుకున్నాను. కేటలాగులో కొలిచేది చాలా పెద్ద పలక మీద. నా పెట్టె ముందుభాగం 22 సెంటీమీటర్లు. 500 హెర్ట్జ్ ప్రాంతం నుంచి కిందికి వచ్చేకొద్దీ శబ్దం పెట్టె చుట్టూ తిరిగి వెనక్కీ పోతుంది. ముందుకు వచ్చేది క్రమంగా ఆరు డెసిబెల్స్ దాకా తగ్గుతుంది. గది కొంత తిరిగిచ్చినా, ట్వీటర్‌ను నేను తగ్గించినదానికంటే ఇంకా బాగా తగ్గించాల్సింది. తగ్గించలేదు. పురుష గాత్రానికి ఛాతీ లేకుండా పోయింది, తాళాలు మాత్రం చెవిలో పొడిచేవి. తప్పంతా ఆంప్లిఫయర్‌దనుకున్నాను, ఆ తర్వాత తీగలదనుకున్నాను.

మా అక్క గాత్రం నేర్పుతుంది. స్పీకర్లు పూర్తయ్యాయని పిలిస్తే వచ్చి కూర్చుని, నేను పెట్టిన ఒక గాయని పాటను ఆదరంగా వింది. కాసేపటికి మంచినీళ్లకని లేచి, గుమ్మం దాకా పోకుండానే ఆగిపోయింది. మళ్లీ కూర్చుంది, మళ్లీ లేచింది. "ఒరేయ్, నిలబడితే ఆవిడ గొంతు మారిపోతోందిరా. అక్షరాలు వెనక్కి పోతున్నాయి" అంది.

ఆ మాటకు నేను ఫేజ్ గురించీ, బెరీలియం గట్టితనం గురించీ ఉపన్యాసం ఇచ్చాను. నిలబడి ఎవరు వింటారక్కా అన్నాను. పాట వినడానికి అలవాటుపడ్డ చెవి వేరు, స్పీకర్ వినే చెవి వేరు అని కూడా అన్నాను. అలా అన్నందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను. ముప్పై ఏళ్లుగా పిల్లల గొంతుల్లో అక్షరం ఎక్కడ జారుతోందో పట్టుకుంటూ బతికిన మనిషి ఆమె. ఆ చెవి కంటే నేను కొన్న సామాను ధరనే ఎక్కువ నమ్మాను. అక్క మారు మాట్లాడలేదు. తర్వాత వచ్చినప్పుడు ఆ గదిలో కూర్చోలేదు కూడా.

ఆ తర్వాత కెపాసిటర్లు మార్చాను. మామూలువి తీసి నూనెలో ముంచినవి, అవీ తీసి వెండిరేకువి. మార్చిన ప్రతిసారీ ఏదో బాగుపడ్డట్టే వినిపించేది, వారం తిరక్కుండా పాత అసంతృప్తి మళ్లీ మొదలయ్యేది. కెనడా జాతీయ పరిశోధనా మండలిలోనూ, ఆ తర్వాత హర్మన్ కంపెనీలోనూ స్పీకర్ల మీద పరిశోధించిన ఫ్లాయిడ్ టూల్, షాన్ ఆలివ్ 1994లో ఒక ప్రయోగఫలితం ప్రచురించారు. ఏ స్పీకర్ మోగుతోందో కళ్లతో చూసినప్పుడు మనుషులు ఇచ్చే మార్కులు, తెర వెనక పెట్టి వినిపించినప్పుడు ఇచ్చే మార్కులు ఒక్కటి కావని అందులో తేలింది. ఆ వ్యాసం అప్పటికే చదివి ఉన్నాను. అది నాకు వర్తిస్తుందని మాత్రం అనుకోలేదు.

చివరికి కొలత మైకు కొన్నాను. మొదట దాన్నీ ట్వీటర్ ఎత్తులోనే, ఎదురుగా పెట్టాను. గీత ఫర్వాలేదనిపించింది. స్టాండు పైకి జరిపి, అక్క నిలబడిన చోట, ఆమె చెవి ఎత్తులో పెట్టి మళ్లీ కొలిచాను. 3000 దగ్గర గీత బావిలా పడిపోయింది.

లెక్క వేస్తే కారణం తేలిపోయింది. ఊఫర్ తీగచుట్ట ట్వీటర్ కంటే దాదాపు రెండున్నర సెంటీమీటర్లు వెనక ఉంది. కూర్చున్నప్పుడే ఊఫర్ శబ్దం అంత వెనకబడి వస్తోంది. రెండింటి కేంద్రాల మధ్య దూరం పద్నాలుగున్నర సెంటీమీటర్లు, ట్వీటర్ పైన. మనిషి లేచి నిలబడేసరికి ఊఫర్ మరో మూడు సెంటీమీటర్లు దూరమవుతుంది. రెండూ కలిపితే అయిదున్నర. 3000 హెర్ట్జ్ తరంగంలో అది ఇంచుమించు సగం. ఒకటి గాలిని నెడుతుంటే రెండోది లాగుతుంది, శబ్దం శబ్దాన్నే తినేస్తుంది. అక్షరాల స్పష్టతకు ఆ ప్రాంతమే ప్రాణం. అక్షరాలు వెనక్కి పోతున్నాయన్న అక్క మాట ఆ గీతకు సరిగ్గా సరిపోయింది.

జోడు కుదర్చడంలో ఎంత ఓపిక కావాలో నాకు నేర్పింది ఇంగ్లండులో పుట్టిన ఒక చిన్న పెట్టె. బీబీసీ పరిశోధనా విభాగం స్టూడియో బయటి ప్రసారాలకు వాడే తన ఓబీ వ్యాన్ల కోసం 1970లలో ఎల్‌ఎస్3/5ఏ అనే మానిటర్ స్పీకర్ తయారుచేసింది. దాన్లో కెఫ్ కంపెనీ డ్రైవర్లు: బెక్స్‌ట్రీన్ అనే ప్లాస్టిక్ కోన్ ఉన్న బీ110, 19 మిల్లీమీటర్ల టీ27 ట్వీటర్. ఆ కాలంలో మామూలుగా దొరికేవే. ముందు ఎల్‌ఎస్3/5 పేరుతో కొన్ని చేశారు. ఇంతలో డ్రైవర్లలో మార్పులొచ్చాయి. పాత డిజైన్ వాటికి కుదరలేదు. ఎలాగోలా సర్దుకుందామనుకోకుండా మళ్లీ మొదటినుంచీ కూర్చుని కుదిర్చారు. అలా వచ్చిందే 3/5ఏ. ట్వీటర్ చుట్టూ మందపాటి ఫెల్టు పట్టీలు, ఏ పెట్టెలో ఏ ట్వీటర్ పడిందో చూసి దాని మట్టం సర్దడానికి క్రాస్ఓవర్ చుట్టకు వేర్వేరు ట్యాపులు. ఒక్కో డ్రైవర్ ఒక్కో రకంగా ఉంటుందని ఒప్పుకుని, దానికి ముందే చోటు పెట్టిన డిజైన్ అది. అయిదు లీటర్లు పెద్దగా మించని ఆ పెట్టెలో గాత్రం అంత సహజంగా పలకడం వెనక ఉన్నది ఈ శ్రద్ధే.

మళ్లీ మొదలుపెట్టినప్పుడు ముందు క్రాస్ఓవర్ చోటు నిర్ణయించుకున్నాను, డ్రైవర్లు ఆ తర్వాత. 2000 హెర్ట్జ్ అనుకున్నాను. అక్కడ తరంగం 17 సెంటీమీటర్లు. 15 సెంటీమీటర్ల కాగితపు కోన్ ఊఫర్ తీసుకున్నాను. అది పైకి పోయేకొద్దీ మోగకుండా మెల్లగా సద్దుమణుగుతుంది. ట్వీటర్ లోతు తక్కువ గరాటులాంటి వేవ్‌గైడ్‌లో కూర్చున్నది. వేవ్‌గైడ్ వల్ల 2000 దగ్గర ట్వీటర్ శబ్దం ఊఫర్ శబ్దమంత వెడల్పుగానే పరుచుకుంటుంది, డోమ్‌కు శ్రమ తగ్గుతుంది, ట్వీటర్ కాస్త వెనక్కి పోయి ఊఫర్ తీగచుట్టకు దగ్గరవుతుంది. కేంద్రాల మధ్య దూరం తరంగం కంటే తక్కువే. కొన్నవాటిని ఒక్కొక్కటీ కొలిచి, దగ్గరగా ఉన్నవాటిని ఎడమ కుడి జతలుగా పెట్టాను. కొత్త ఊఫర్, ట్వీటర్ కలిపినా పాత ట్వీటర్ ధరలో సగం కాలేదు.

హ్యూలెట్ ప్యాకార్డ్‌లో పనిచేసిన సీగ్‌ఫ్రీడ్ లింక్విట్జ్, రస్ రైలీల పేరు మీద ఉన్న క్రాస్ఓవర్‌లో కలిసే చోట రెండు డ్రైవర్లూ ఆరేసి డెసిబెల్స్ తగ్గి, ఒకే అడుగులో కలుస్తాయి. అది కుదిరిందో లేదో చూడటానికి ట్వీటర్ తీగలు తారుమారు చేసి కొలవాలి. అలా కొలిచాను. 2000 దగ్గర గీత లోతైన బావిలా దిగింది. తిప్పి పెట్టినప్పుడు అంతగా కొట్టుకుపోతున్నాయంటే సరిగ్గా పెట్టినప్పుడు అంత బాగా కలుస్తున్నాయన్నమాట. పాత స్పీకర్లో ఈ పరీక్ష ఒక్కసారి చేసి ఉంటే అన్ని కెపాసిటర్లు కొనేవాణ్ని కాదు.

అక్కను పిలిచి, ఆ రోజు అన్న మాటలకు క్షమాపణ చెప్పాను. ఆమె కూర్చుని వింది, లేచి వింది, గుమ్మంలోంచి వింది. "ఇప్పుడు ఎక్కడున్నా మనిషి మారట్లేదురా" అంది.

నాకు తెలియక జరిగిందని చెప్పుకోలేను. నెవిల్ థీల్ 1961లోనే డ్రైవర్‌కూ పెట్టెకూ లెక్క కట్టి చూపించారు, లింక్విట్జ్ వ్యాసం 1976ది. అవన్నీ నా అరలోనే ఉన్నాయి. గొప్పతనం కొనుక్కోవచ్చని నమ్మాలనుకున్నాను కాబట్టి వాటిని నమ్మలేదు. స్పీకర్ చేయాలని ఇప్పుడు ఎవరైనా నా దగ్గరికి వస్తే రెండే మాటలు చెబుతున్నాను. డ్రైవర్లు కొనేముందు రెండింటి కాగితాలూ పక్కపక్కన పెట్టి, అవి ఎక్కడ కలవగలవో చూడండి. అలాంటి చోటు కనపడకపోతే ఎంత మంచివైనా కొనకండి. చేశాక ఎవరైనా విని "ఇక్కణ్నుంచి బాగోలేదు" అంటే, వాదించకుండా వెళ్లి వాళ్లు నిలబడిన చోటే నిలబడి వినండి, మైకు కూడా అక్కడే పెట్టి కొలవండి.