నెమ్మదైందేనా?

ఆకివీడు, ఉండి, భీమవరం... మా వైపు చెరువుల మీద బతికే ప్రతి ఊళ్ళోనూ ఒక బాబాయ్ ఉంటాడు. తెల్ల లుంగీ, బుల్లెట్ బండి, జేబులో రెండు ఫోన్లు. ఏది కొనబోయినా ఆయన ముందు ధర అడగడు. "బుద్ధెలాంటిది? నెమ్మదైందేనా?" అంటాడు. గేదెకీ అదే ప్రశ్న, అల్లుడికీ అదే. పాత ట్రాక్టర్ బేరంలో కూడా ఓసారి నోరుజారి అలాగే అడిగాడు. అల్లుడి విషయంలో జవాబు తప్పొచ్చిందిగానీ, ఆ గొడవ ఇప్పుడొద్దు.

పదెకరాల చెరువులో శీలావతి, బొచ్చె పెంచి, పట్టుబడి రోజున ఐసు కొట్టించి లారీలకెక్కించేటప్పుడు బాబాయ్ ఒక్క చేప మొహం కూడా చూడడు. అలాంటి మనిషి హాల్లో నాలుగడుగుల గాజుతొట్టి పెట్టి, అందులో ఒకే ఒక్క ఫ్లవర్‌హార్న్‌ని వదిలి, ఎదురుగా పడకకుర్చీ వేయించుకున్నాడు. దాని నెత్తిమీద బుడిపె పెరిగేకొద్దీ ఇంటికి కలిసొస్తుందని అమ్మినవాడు చెప్పాడట. 1990లలో మలేషియాలో సంకరం చేసి పుట్టించిన చేపకి మన వాస్తు ఎవరు నేర్పారో మరి! బుద్ధి గురించి అడిగితే మాత్రం "బంగారమండీ" అన్నాడట.

ఒంటరిదై బెంగపెట్టుకుంటుందని బాబాయ్ రూప్‌చంద్ పిల్లనొకదాన్ని తెచ్చి తోడు వేశాడు. తెల్లారేసరికి తోక మిగిలింది. తొట్టి తుడవబోతే బంగారం బొటనవేలు కరిచింది. "మనిషిని గుర్తుపడుతోందిరా!" అని కట్టు కట్టించుకుంటూ మురిసిపోయాడు. ఇదివరకు రాత్రి కరెంటు పోతే ఏరేటర్ల కోసం చెరువుగట్టుకి పరిగెత్తేవాడు. ఇప్పుడు గట్టుమీద ఉన్నవాడు ఇంటికి పరిగెడుతున్నాడు. "నాకు టైఫాయిడ్ వచ్చినప్పుడు ఇన్నిసార్లు లేవలేదు" అని పిన్ని లెక్క చెబుతుంది.

పోయిన వేసవిలో డాలస్ నుంచి మేనల్లుడు వీడియోకాల్‌లో ఏదో చూపించి "డార్ట్ కప్ప మావయ్యా" అన్నాడు.

"పండుకప్పా? కేజీ ఎంత పలుకుతోందిరా అక్కడ?"

తీరా చూస్తే బొటనవేలంత కప్ప, విషజాతిదట. నల్లటి ఒంటిమీద పసుపు పట్టీలు, కొత్త పెళ్ళికూతురి చీరలా నిగనిగలాడుతోంది. అరగంటలో నాకు ఫోను. "విషం సంగతి తర్వాత. నెమ్మదైందేనా?"

తెలిసింది చెప్పాను. మధ్య, దక్షిణ అమెరికా అడవులది. అక్కడ తినే చీమలూ చిరుపురుగుల వల్లే ఒంటికి విషం పడుతుంది. గాజుపెట్టెలో పుట్టిపెరిగినదానికి ఉండదు. పసుపు పట్టీలది ధైర్యస్థురాలు, పగలే నలుగురిలో తిరుగుతుంది, కొత్తగా పెంచేవాళ్ళకి దాన్నే చెబుతారు. నలుపూ ఆకుపచ్చా కలిసినది సిగ్గరి, మనిషి అలికిడైతే ఆకుల కింద దూరుతుంది. నీలం రంగుదాంట్లో రెండు ఆడవి ఒకచోట చేరితే కుస్తీ పడతాయి. ("మా తోడికోడళ్ళ రకం," పిన్ని వెనకనుంచి.)

"ఏదైనా సరే, చేత్తో పట్టుకోకూడదు బాబాయ్."

"మరి దేనికిరా?"

"చూడ్డానికి."

కాసేపు అవతల మాట లేదు. కరవనిదాంతో కాలక్షేపమేంటన్నది ఆయన బాధ.

మేత దగ్గర అసలు చిక్కొచ్చింది. ఎగరలేని పళ్ళ ఈగల్ని సీసాల్లో పెంచి వేయాలన్నాను. "ఈగల్ని తోలడానికే నా ఆయుష్షు సగం అయిపోయింది, ఇక పెంచడం కూడానా!" అని పిన్ని ఫోను లాక్కుంది. వేడి ముప్పై డిగ్రీలు దాటితే దాని ప్రాణం మీదకొస్తుందని చెబితే, మే నెలలో ఏసీ గది ఎవరికి, వరండా ఎవరికి అన్న విచారణ మొదలైంది. చివరికి తీర్పు చెప్పింది సర్కారే: 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం ఇలాంటి విదేశీ జీవాలకి రిజిస్ట్రేషన్ కావాలి. కాగితాల మాటెత్తితే బాబాయ్ మజ్జిగలా చల్లబడతాడు.

తొలకరి గట్టిగా కొట్టిన రాత్రి పదకొండింటికి మళ్ళీ ఫోను. వెనక బెకబెకల హోరు, బాబాయ్ గొంతే సరిగ్గా వినపడటంలేదు.

"ఒరేయ్, మన గట్టుకింద గుంటలో వందల్లో ఉన్నాయిరా! పసుపు ముద్దల్లా ఉన్నాయి, దవడల కింద నీలం బుడగలు! డాలస్ నుంచి ఎవడు పంపాడ్రా?"

"అవి మన గోదారి కప్పలే బాబాయ్. వానాకాలంలో మగవి ఆ రంగుకొస్తాయి. ఏటా వస్తాయిగా."

"నేనెప్పుడూ చూళ్ళేదే!" అని కాస్త ఆగి, గొంతు తగ్గించాడు. "వీటి బుద్ధెలాంటిది? నెమ్మదైనవేనా?"

"అబ్బే. ఆకలేస్తే తోటి కప్పనే మింగేస్తాయి."

"అయితే మనవాళ్ళేరా," అన్నాడు బాబాయ్, ఎంతో ఆప్యాయంగా.