జత కుదిరింది, రేషన్ ఎగిరింది

రెండు టేబుళ్లను కలపడానికి పైథాన్‌లో ఎంత కోడ్ కావాలి? ఒక్క లైను. పాండాస్ లైబ్రరీ తెరిచి ‘మెర్జ్’ అని కొట్టండి, అయిపోయింది. ఇక పవర్‌పాయింట్ వేసుకోవచ్చు. ‘పారదర్శక పాలన’ అని ఊదరగొట్టవచ్చు.

ఆ లైను ఏం చేస్తుందో ఏ సారుకైనా తెలుసా? మనమేమీ చెప్పకపోతే అది ‘ఇన్నర్ జాయిన్’ చేస్తుంది. రెండు టేబుళ్లలోనూ కీ, అంటే జత కలిపే కాలమ్ విలువ, దొరికిన వరసలే మిగులుతాయి. మిగతావి గల్లంతు. ఎర్రర్ రాదు. వార్నింగ్ రాదు. రెండువైపులా కీ పదేపదే ఉంటే వరసలు పిల్లలు పెడతాయి. అప్పుడూ కిక్కురుమనదు. పట్టుకునే దారి లేదా? ఉంది. ‘వాలిడేట్’ పెడితే తేడా వచ్చినచోట ఆపేస్తుంది. ‘ఔటర్ జాయిన్’ చేసి ‘ఇండికేటర్’ పెడితే జత దొరకని వరసలను చూపిస్తుంది. టైపు చేసే ఓపిక ఎవడికి?

ఇదంతా కీ సరిగ్గా ఉన్నప్పటి మాట. పేరే కీ అయితే? ఒకచోట లక్ష్మి, ఇంకోచోట లక్ష్మీదేవి. ఒకచోట ఇంటిపేరు ముందు, మరోచోట వెనక, వేరేచోట ఒట్టి పొడి అక్షరం. అయితేనేం, దగ్గరగా కనిపించిన పేర్లను ఒక్కటి చేసే అల్గారిదం ఉందిగా!

తెలంగాణలో ‘సమగ్ర వేదిక’ అనే ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ ఇలాగే రకరకాల శాఖల రికార్డులను పేరు, చిరునామా చూసి కలిపింది. ఫలితం? హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుడు కారు ఓనరైపోయాడు! కారు ఇంటికి రాలేదు. బియ్యం మాత్రం ఆగిపోయాయి. 2014-19 మధ్య రాష్ట్రంలో రద్దయిన రేషన్ కార్డులు 18 లక్షల పైచిలుకు. అన్నీ ఈ వేదిక పుణ్యమే కాదు లెండి. కానీ ముందు నోటీసివ్వడానికి ఏం రోగం? ఇంటింటికీ వెళ్లి మళ్లీ చూడండని 2022లో సుప్రీంకోర్టు చెబితే తప్ప సర్కారు కదల్లేదే!

తప్పు జతను ఏ ఆప్షనూ పట్టదు. మనిషి వెళ్లి తలుపు తట్టాలి. ఏసీ గదిలోంచి తలుపు తట్టడం కుదరదుగా! అందుకే బరువంతా పేదవాడి నెత్తిన. కోడ్ రాసినవాడు జవాబు చెప్పడు. సంతకం పెట్టినవాడు అసలే చెప్పడు. కంప్యూటర్ తప్పని నిరూపించాల్సింది కార్డు పోయినవాడే!

లేని కారుకు ఆర్సీ ఎక్కడ తెమ్మంటారు సారూ?