సబ్బు వదిన

మనవాళ్లున్న ఏ వాడకట్టులోనైనా ఒక చీటీల అక్క, ఒక పెళ్లిసంబంధాల చిన్నమ్మ, ఒక పచ్చళ్ల పెద్దమ్మ ఉండి తీరతారు. ఈ మధ్య ఆ వరసలో ఇంకొకరు పీట వేసుకు కూర్చున్నారు. ఆమె సబ్బు వదిన. హైదరాబాదులో ఇలాంటివాళ్లకు 'హోమ్‌మేడ్ ఆరోమాథెరపీ' అని బోర్డు ఉంటుందట. మా టెంఘర్‌లో అంత పొడుగు మాట పలికితే సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడులో సగమే వినపడుతుంది. అందుకని పేరు కుదించాం. చిరునామా కూడా అక్కర్లేదు, గల్లీ మొగలో నిలబడి ముక్కు ఎగబీలిస్తే చాలు.

టెంఘర్ అంటే భీమండిలో కల్యాణ్ రోడ్డు వైపు. అసలు పేరు భివండి అని తెలుసు గానీ, మగ్గం వెనకాలే కరీంనగర్, నల్లగొండ, వరంగల్ జిల్లాల నుంచి వలస వచ్చిన మా తాతల నోట అది భీమండి అయింది, మేం దిద్దలేదు. ఈ ఊరికి ఒక సొంత వాసన ఉంది. పడుగుకు పట్టించిన గంజి, సాంచాలకు పోసిన నూనె, వానకు తడిసిన నూలు, మూడూ కలిసిన వాసన. మేం పుట్టి పెరిగింది అందులోనే. ఆ వాసనలోకి ఒకరోజు లావెండర్ వచ్చింది.

వదిన ఫోనులో ఒక వీడియో చూసింది. అందులో ఎవరో దొరసాని నురగ నిండిన తొట్టిలో పడుకుని, చుట్టూ కొవ్వొత్తులు పెట్టుకుని, కళ్లు మూసుకుంది. "అట్ల పంటె మనసు నిమ్మళమైతదట మరిదీ" అంది. స్నానం సంగతిలో టెంఘర్‌ను తక్కువ చేయడానికి లేదు. ఉల్హాస్ నది నీళ్లు శుద్ధి చేసి థానే, భీమండి, మీరా భాయందర్‌లకు పంపే 'స్టెమ్' సంస్థ పేరులో షహాడ్ పక్కన ఉన్నది మా టెంఘరే. అయినా మా గల్లీలో ఒక్క తొట్టి లేదు. ఉన్నదల్లా ఒక గది ఇల్లు, మూలన గడియ ఉన్న బాత్‌రూం, అందులో నీలం డ్రమ్ము, బకెట్టు, మగ్గు. డ్రమ్ములో పడుకోవడం కుదరదు. వదిన కొలత వేసి మరీ చూసింది.

మొదట స్నానపు లవణాలు. మెడికల్ షాపుకు వెళ్లి రెండు కిలోల ఎప్సమ్ సాల్ట్ అడిగింది. అది మన పెద్దలకు తెలిసిన భేది ఉప్పే. షాపతను జాలిగా చూసి, "ఇంట్లో ఎంతమందికి?" అన్నాడు. "ఆరుగురికి, వారానికి సరిపోను" అంది వదిన. అతను వెంటనే ఆస్పత్రికి తీసుకుపొమ్మన్నాడు.

ప్రతి విద్యకూ ఒక మూలపురుషుడు ఉండాలి కదా. వదినకు ఆయన ఫ్రాన్సు రసాయన శాస్త్రవేత్త గట్‌ఫొస్సే. 1910లో ప్రయోగశాలలో పేలుడు జరిగి చేతులు కాలితే ఆయన లావెండర్ నూనె వాడాడు. 1937లో 'ఆరోమాథెరపీ' అని పుస్తకమే వేశాడు. వదిన నోట ఆయన 'గట్టిఫోజు' అయ్యాడు. భివండిని భీమండి చేసిన నోళ్లకు ఇదో లెక్కా? లవణాలయ్యాక సబ్బులు. ఇడ్లీ పళ్లేల్లో కరిగిన సబ్బు పోస్తుండగా వదిన చేయి చురుక్కుమంది. ఆమె ముఖంలో నొప్పి బదులు గర్వం కనిపించింది. "గట్టిఫోజుకు గూడ గిట్లనే కాలింది!" అని లావెండర్ నూనె రాసుకుంది. మర్నాడు బొబ్బ లేస్తే అదే మెడికల్ షాపులో కాలిన గాయాల మందు కొంది. 1910లో పాపం గట్టిఫోజుకు ఆ సౌకర్యం లేదు.

తర్వాత బాంబులు. స్నానపు బాంబు పెద్ద బ్రహ్మవిద్యేం కాదు. రెండు పాళ్లు వంటసోడా, ఒక పాలు నిమ్మ ఉప్పు, కాస్త నూనె, కాస్త రంగు కలిపి ఉండ కడితే నీళ్లలో వేసినప్పుడు బుసబుస పొంగుతుంది. వదిన రవ్వలడ్డు చేసిన చేత్తోనే వాటిని చుట్టింది. కాకపోతే చుట్టింది జూలైలో. కొంకణం వానల్లో వేయించిన అప్పడమే గంట నిలవదు, గాలిలో తడి తగిలితేనే కదిలిపోయే సరుకు ఎలా ఆగుతుంది? అటక మీద పెట్టిన నలభై ఉండల్లో ఒక్కటి తప్ప అన్నీ రాత్రికి రాత్రే పొంగి, పగిలి, ఒకదానికొకటి అతుక్కున్నాయి. మిగిలిన ఒక్కదాన్ని బకెట్లో వేసి చూపిస్తుంటే ఆమె మామగారు, మాకు పెద్దబాపు, వంగి చూశాడు.

"ఏందే కోడలా, ఇది ఈనో గాదూ? బకెట్‌కు గ్యాస్ పట్టిందా?"

గల్లీ అంతా వారం నవ్వుకుంది. కానీ పెద్దబాపు చెప్పిందే నిజం. 1989లో ఇంగ్లండులో మో కాన్‌స్టంటైన్ అనే ఆవిడ మొదటి స్నానపు బాంబు చేసింది, నీళ్లలో పొంగే కడుపుమంట బిళ్లను చూసే! ఆ మాట చెబితే పెద్దబాపు మీసం దువ్వుకుని, "నేను ముందుగాల్నే చెప్పిన" అన్నాడు.

ఇక పుదీనా నూనె ఉదంతం. అన్న సాంచాలు బాగుచేసే జాబర్. పన్నెండు గంటల రాత్రిపాళీ చేసి పొద్దున వచ్చేసరికి దూది నుసి పడి కనుబొమలతో సహా తల నెరిసినట్టుంటాడు. అలసట పోవాలని వదిన ప్రేమగా బకెట్లో పది చుక్కలు పుదీనా నూనె వేసింది. నూనె నీళ్లలో కలవదు, పైన తేలుతుంది. ఆ పది చుక్కలూ మొదటి మగ్గులోకే ఎక్కి అన్న నెత్తిన దిగాయి. ముప్పై ఏళ్లుగా సాంచాల చప్పుడు మధ్య బతికి, సగం చెవుడొచ్చిన గల్లీ మొత్తానికీ ఆ కేక స్పష్టంగా వినిపించింది. ఎర్రటి కళ్లతో, తడి లుంగీతో బయటికొచ్చిన అన్న, "రోజు మిషన్లకు నూనె వెట్టేటోణ్ణి, నన్నొక్క మాట అడగొద్దా?" అన్నాడు. అరగంట తర్వాత మాత్రం, "సల్లగైతె ఉన్నది" అని ఒప్పుకున్నాడు.

ఆ దెబ్బతో వదిన నూనెను నేరుగా నీళ్లలో వేయడం మానేసి పిండిలో కలపడం మొదలుపెట్టింది. పెసరపిండి వచ్చింది. దాని వెంట కస్తూరి పసుపు, కచ్చూరాలు, బావంచాలు, వట్టివేళ్లు, ఎండు గులాబీ రేకులు వచ్చాయి. అత్తగారు వాసన చూసి, "గీ నలుగుపిండి కోసమా ఏడాది తిరిగినవ్?" అని ముక్కు విరిచింది. వదిన జంకలేదు. కార్ఖానాలో మిగిలిన గ్రే గుడ్డ ముక్కలతో సంచులు కుట్టింది. దీపావళికి మరాఠీ ఇళ్లలో నరకచతుర్దశి తెల్లవారుజామున ఉటణం అనే నలుగు రాసుకుని తలంటుకుంటారు, కాబట్టి పక్క గల్లీ మీద కూడా కన్నేసింది.

కార్ఖానాలో లెక్కలు రాసేవాణ్ణి కదా అని లేబుళ్లు నాకు అప్పగించింది. తెలుగు, మరాఠీ, హిందీ, మూడింటిలోనూ రాశాను. చివరన ఆమె చెప్పిన వాక్యం ఒకటి చేర్చాను: 'రాసుకున్నాక ఇరవై నిమిషాలు నానాలి.'

సరుకు మూడు రోజుల్లో అయిపోయింది. నలుగుపిండి ఇంట్లో విసరగలిగిన ఆడవాళ్లే వచ్చి కొన్నారు. ఆశ్చర్యపోయి ఎదురింటక్కను అడిగాను, వాసన ఎలా ఉందని.

"వాసన సంగతి తెల్వది తమ్మీ. నిన్న ఇరవై నిమిషాలు నన్ను ఎవ్వలు పిలువలే" అంది.

అప్పుడు గమనించాను. ఆరేడుగురున్న ఒంటిగది ఇంట్లో గడియ వేసుకునే తలుపు అదొక్కటే. ఇదివరకు ఆ తలుపు అయిదో నిమిషానికే దడదడలాడేది, చాయ్ కోసం, బడి సంచి కోసం, తాళంచెవి కోసం. ఇప్పుడు లోపలి నుంచి "నానుతున్న!" అని ఒక్క మాట వస్తుంది. అత్తగారు గొణిగితే కోడలు లేబులు చూపిస్తుంది. మూడు భాషల్లో అచ్చయిన మాటకు ఎదురేముంది?

నిన్న వదిన కొత్త లేబుల్ రాయమంది. ఇరవై బదులు నలభై నిమిషాలు, ధర పది రూపాయలు ఎక్కువ.

"పిండి అదే కదా వదినా, పది రూపాయలు ఎందుకు పెంచడం?"

"మీ సేటు గుడ్డను మీటర్ల లెక్కన అమ్ముతలేడా మరిదీ? నాయి నిమిషాలు."

లేబుళ్లు రాసిచ్చి ఇంటికొచ్చేసరికి మా బాత్‌రూం తలుపు వేసి ఉంది. తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డాను. లోపలి నుంచి కచ్చూరాల వాసన వస్తోంది. అది ఇరవై ప్యాకెట్టో నలభై ప్యాకెట్టో అడుగుదామని చెయ్యెత్తి, మళ్లీ దించుకున్నాను.