కాలిబాట మాది, మంచు మీది

కెనడాలోని కాల్గరీలో కాలిబాట నగరపాలక సంస్థ ఆస్తి. దానిమీద నాలుగు కుర్చీలు వేసి టీకొట్టు పెట్టాలన్నా, పక్కన గునపం దించాలన్నా అనుమతి కావాలి. మంచు పడిన మరుక్షణం మాత్రం ఆ బాట మీకు ధారాదత్తమైపోతుంది. కురవడం ఆగిన 24 గంటల్లోగా కాంక్రీటు కనబడేదాకా గీకాలి. గీకకపోతే మొదటిసారి 250 డాలర్ల జరిమానా, ఏడాది తిరక్కుండా రెండోసారి దొరికితే 500, మూడోసారికి 750. అప్పటికీ కదలకపోతే నగరమే మనుషుల్ని పంపి గీకించి, ఆ కూలి మీ ఖాతాలో రాస్తుంది. దానమిచ్చినవాడే దక్షిణ కూడా వసూలు చేసుకోవడమంటే ఇదే.

2011లో పదకొండు లక్షల దగ్గరున్న ఊరి జనాభా, 2021 లెక్కలకి పదమూడు లక్షలు దాటింది. కొత్త కాలనీ వచ్చినప్పుడల్లా దానికో రోడ్డు, రోడ్డు పక్కన కాలిబాట వస్తాయి. ఆ కాలిబాట గీకేదెవరో ఇళ్లమ్మేవాడి బ్రోచర్లో ఉండదు. బ్రోచర్లో ఎప్పుడూ జూన్ నెలే.

కొనేవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. మనవాళ్లు కొనేముందు జేబులోంచి దిక్సూచి తీస్తారు. ఉత్తరం ఫేసింగ్ అయితే కుబేరస్థానమని పదివేలు ఎక్కువైనా ఇస్తారు. కుబేరుడికి తెలియని సంగతేమిటంటే, 51 డిగ్రీల అక్షాంశం దగ్గర డిసెంబరు చివర్లో సూర్యుడు మిట్టమధ్యాహ్నం కూడా దక్షిణాన పదహారు డిగ్రీలు మించి పైకి లేవడు. ఉత్తరముఖం ఇంటి ముందున్న కాలిబాట పొద్దస్తమానం ఆ ఇంటి నీడలోనే గడ్డకట్టి ఉంటుంది. ఎదురుగా యముడి దిక్కని మనం వదిలేసిన దక్షిణం ఇంటాయన కిటికీలో కాఫీ తాగుతుంటే, ఆయన వాటా మంచుని సూర్యుడే కరిగించి పోతాడు. ఇక ఈశాన్యం కార్నర్ ప్లాటు కొన్న అదృష్టవంతుడు రెండు వీధుల కాలిబాటలూ గీకాలి. చలికాలానికో వాస్తు ఎవరైనా రాసిపెడితే బాగుండును.

అద్దె ఇళ్ల భాగోతం ఇంకోటి. యజమాని వేరే ఊళ్లో ఉంటాడు, పైన ఒక కుటుంబం, కింద బేస్‌మెంట్లో చదువుకునే కుర్రాళ్లు నలుగురు. ఓనరు "మీరు ఉంటున్నారు కదా" అంటాడు. పైవాళ్లు "కుర్రాళ్లు కదా" అంటారు. కుర్రాళ్లు "అన్నా, మాకు అసలు కిటికీయే లేదు, మంచు పడిందని ఎలా తెలుస్తుంది?" అంటారు. ఉన్న ఒక్క పారా గరాజులో, గరాజు తాళం ఓనరు దగ్గర.

నగరం ఏమీ చేయదనడం అన్యాయం. చేస్తుంది, వరస ప్రకారం. రోజుకి ఇరవై వేలకు పైగా కార్లు నడిచే రోడ్లు మొదట, ఆ తర్వాత అయిదు వేలకు పైబడినవి, బస్సు దారులు. కార్ల దారులు కాక ఉద్యానవనాల బాటలూ ఉన్నాయి. బో నది ఒడ్డున నడకదారుల మంచుని నగరమే 24 గంటల్లో తీసేస్తుంది, అదీ చక్కగా. అక్కడ గీకమనడానికి ఇంటివాళ్లు లేరు కాబట్టి తప్పించుకునే దారి నగరానికీ లేదు. పొద్దున్నే పరుగు తీసేవాళ్లకి శుభ్రమైన బాట సిద్ధం. ఇంటి నుంచి ఆ బాటదాకా, బడిదాకా, బస్టాపుదాకా వెళ్లడం మాత్రం పక్కింటివాడి నడుం నొప్పి మీద ఆధారపడి ఉంటుంది. అతను గీకాడో లేదో చూసి నగరం నంబరు 311కి ఫోన్ చేసే హక్కు పౌరులందరికీ ఉంది. అలా ఫోన్లు చేసుకోకుండా, ముసలివాళ్ల ఇంటిముందు గీకిపెట్టే ఇరుగుపొరుగుకి నగరం 'స్నో ఏంజెల్స్' అని పేరు కూడా పెట్టింది. పార మనది, నడుం మనది, రెక్కలు వాళ్లు తగిలించారు.

మధ్యలో చినూక్ ఒకటి. రాకీ పర్వతాలు దిగి వచ్చే ఆ వెచ్చగాలి కొన్ని గంటల్లోనే మంచుని నీళ్లు చేస్తుంది. గీకనివాడు ఆ పూట బద్ధకమే గెలిచిందనుకుంటాడు. రాత్రి ఆ నీళ్లే గాజుపలకైపోతాయి, పొద్దున దానిమీద పార కూడా జారుతుంది.

వేరే ఊళ్లలో ఇంకో పద్ధతి లేదా అంటే ఉంది. మాంట్రియల్‌లో కాలిబాటల మంచు ఎత్తేది నగరమే. టొరంటోలో శివార్లకి నగరం తీసేది, ఇరుకు వీధుల పాతపట్నం వాళ్లు మాత్రం సొంతంగా గీక్కునేవాళ్లు. 2021 చలికాలం నుంచి అక్కడా చిన్న యంత్రాలు తెప్పించి తనే మొదలుపెట్టింది. స్వీడన్‌లోని కార్ల్‌స్కూగా పట్నమైతే వరసే తిరగేసి, కాలిబాటలు, సైకిల్ దారులు, పిల్లల బడుల చుట్టుపక్కలు ముందు, పెద్ద రోడ్లు తర్వాత అంది. కారుకి మూడంగుళాల మంచు లెక్కలోది కాదు, పిల్లల బండి తోసుకెళ్లే తల్లికి అదే కొండ అని వాళ్లకి తోచింది. అంత సూక్ష్మం మనకెందుకులే అంటారు కార్లున్న కౌన్సిలర్లు. చికాగో మేయర్ మైకేల్ బిలాండిక్ 1979లో మంచు తీయించలేకే ఎన్నికల్లో ఓడిపోయాడన్నది వాళ్లకి తెలియక కాదు. ఆ ఏడాది జనం కోపం తెచ్చుకున్నది ముఖ్యంగా రోడ్ల గురించి, రైళ్ల గురించి. కాలిబాట మంచుకి పదవి పోయిన వాడి పేరు చరిత్రలో ఇంకా ఎక్కలేదు.

సరే, ఎవరూ గీకని నగరం తాలూకు బాట మీద మీరు జారి తుంటి విరగ్గొట్టుకున్నారనుకోండి. ఆల్బర్టా మునిసిపల్ చట్టంలో దానికీ దారుంది. మంచు వల్ల జారితే నగరానికి బాధ్యత ఉండాలంటే మామూలు నిర్లక్ష్యం చాలదు, ఘోరమైన నిర్లక్ష్యం రుజువు కావాలి. మీ నిర్లక్ష్యానికి 24 గంటలు చాలు, ఘోరం అక్కర్లేదు. పైగా జరిగింది 21 రోజుల్లోగా నగరానికి తెలియజేయాలి. కట్టుతో మంచంలో ఉన్నా సరే, ఎందుకు ఆలస్యమైందో సరైన కారణం చూపించుకోవాలి. జారిన మనిషి ఏకంగా చచ్చిపోతే మాత్రం ఆ 21 రోజుల గడువు అడ్డురాదని చట్టం దయతో రాసిపెట్టింది.