గేట్‌వే పంక్తికి టీకా తాత్పర్యములు

మూలము: డిఫాల్ట్ గేట్‌వే . . . . . . . . . : 192.168.1.1

అవతారిక: నెట్టు నిలిచిపోయి, ఇంటిల్లిపాదియు ఒకరి నొకరు అనుమానముగా చూచుకొనుచున్న వేళ, నల్లని తెరపై ఐపీకాన్ఫిగ్ అని టైపు చేసినవానికి వరుసలో చివర సాక్షాత్కరించు పంక్తి యిది.

ప్రతిపదార్థము: డిఫాల్ట్ = వేఱు త్రోవ చెప్పబడని ప్యాకెట్ల కన్నిటికిని; గేట్‌వే = దిక్కైన రౌటరు; చుక్కలు = పాదపూరణమునకు వచ్చినవి, అర్థము వెదకరాదు; 192.168.1.1 = దాని చిరునామా. 192.168.0.1 అని పాఠాంతరము.

తాత్పర్యము: తన నెట్‌వర్కునకు వెలుపలికి పోవలసిన ప్రతి ప్యాకెట్టును కంప్యూటరు ఈ గడపయందే దింపి, పిదప దాని దారి విచారింపక ఊరకుండును.

విశేషములు: ఆ గేట్‌వేయే చచ్చినచో కంప్యూటరునకు తెలియుట యెట్లు? చచ్చినవాడు వచ్చి తాను చచ్చితినని చెప్పడు గదా. క్షణక్షణము పింగు చేసి, ఉన్నావా యని యడుగరాదా యని పూర్వపక్షము. అట్లు ఎడతెగక అడుగరాదని 1989 నాటి ఆర్‌ఎఫ్‌సీ 1122 శాసించినది; ఒక్క గడపమీద నూఱు కంప్యూటర్లు అదేపనిగా తలుపు తట్టుచుండిన, ఉన్నవాడును ఊపిరాడక పోవును. కావున భాట్టమీమాంసకులు అంగీకరించిన అనుపలబ్ధియే యిచట ప్రమాణము: రావలసిన జవాబు రాకపోవుటయే మరణవార్త.

అయినను దోషము గేట్‌వేదే యనుట యెట్లు? దూరపు సర్వరే పడిపోయి యుండవచ్చును. ఈ చిక్కును విండోస్ 2000 కర్తలు విప్పిన తీరు నాకు మిక్కిలి నచ్చినది. ఒక టీసీపీ కనెక్షను, తనకు అనుమతింపబడిన పునఃప్రేషణములలో సగము చేసియు జవాబు గానక, జాబితాలోని రెండవ గేట్‌వేకు తాను మాత్రము తరలును. ఇట్లు నూటికి 25 కనెక్షన్లు తరలిన పిమ్మటగాని యంత్రము తన డిఫాల్ట్ గేట్‌వేను మార్చుకొనదు. విస్తరిముందునుండి ఒకడు లేచిపోయిన అది వాని అలుక; బంతిలో నాలుగవవంతు లేచిన అది వంటవాని తప్పు.

ఐపీవీ6 వారి 2007 నాటి ఆర్‌ఎఫ్‌సీ 4861 మఱింత నిదానము కలది. పొరుగువాని క్షేమవార్త సుమారు 30 సెకండ్లు తాజా; పిదప ‘స్టేల్’, అనగా చద్ది. చద్దియైనంతనే కంగారుపడదు, ప్యాకెట్టు పంపవలసి వచ్చినప్పుడు పంపి, 5 సెకండ్లు ఓపికపట్టి, అప్పటికిని శుభవార్త లేకున్న, సెకండున కొకటిగా మూడుమాఱులు పిలిచి, పలుకకున్న ఆశ వదలుకొనును.

ఈ ప్రమాణములన్నియు మొన్న మా యింట చెల్లకపోయినవి. వీధిలో గొయ్యి త్రవ్వువారు ఫైబరు తెంపిరి. రౌటరో, ఒక్క ఎఱ్ఱదీపము తప్ప తక్కినవన్నియు పచ్చగా వెలిగించుకొని, పింగు చేసిన ప్రతిమాఱును మిల్లీసెకండులో క్షేమమని పలుకుచునే యున్నది. కనెక్షన్లన్నియు ఏకగ్రీవముగా అలిగినను తరలిపోవుటకు రెండవ గేట్‌వే లేదు. మా మనుమడు ఈ టీక నంతయు ఓపికగా విని, లేచి, ప్లగ్గు పీకి, పది లెక్కపెట్టి, మరల గుచ్చెను. రౌటరు మేల్కొని మరల క్షేమమనినది. గొయ్యి యట్లే యున్నది.