క్రేను బాబాయి

చేతులు ఊరుకోని మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. ఉద్యోగం ఉన్నన్నాళ్లూ ఏ గ్యారేజీలోనో స్పానరు తిప్పి ఉంటాడు. రిటైరైన మర్నాడే ఇంట్లో ఫ్యాను విప్పుతాడు. తర్వాత మిక్సీ. విప్పడానికి ఇంట్లో ఇంకేమీ మిగలని రోజున ఈ జాతి రెండు శాఖలుగా చీలుతుంది. ఒక శాఖ అరుగుల మీద కూర్చుని ప్రభుత్వాలను పడగొడుతుంది. రెండో శాఖ క్రేను కడుతుంది. మా కొనకనమిట్ల బాబాయి రెండో శాఖ.

ముడిసరుకు అమెరికా నుంచి వచ్చింది. తోడల్లుడి మనవడు ఆడి ఆడి విసుగెత్తి వదిలేసిన లెగో ఇటుకలు సూట్‌కేసు నిండా దిగాయి. బాదంపప్పూ సెంటుసీసాలూ వస్తాయని కాచుకున్న పిన్ని మూత తెరిచి, "వాళ్ల చెత్త పోసుకోను వాళ్ల దేశంలో చోటు లేదంటనా?" అంది. బాబాయి ఒక పళ్లచక్రం తీసి, కిటికీ వెలుతురుకు పెట్టి, పళ్లు లెక్కపెట్టాడు. 24. ఆ పూటతో ఆయన విశ్రాంత జీవితం ముగిసింది.

"ఈ వయసులో బొమ్మలాటలేంది బాబాయ్?" అని అడిగిన పాపానికి వంశచరిత్ర మొత్తం వినాలి. లివర్‌పూల్‌లో ఫ్రాంక్ హార్న్‌బీ అనే గుమాస్తా తన పిల్లల కోసం రేకుముక్కలకు చిల్లులు పెట్టి, బోల్టులు బిగించి బొమ్మలు చేశాడట. 1901లో దానికి పేటెంటు తీసుకున్నాడట. అదే మెకానో అయిందట. డెన్మార్కులో ఒక వడ్రంగి పెట్టిన లెగో కంపెనీ 1958లో ఇటుకకు పేటెంటు వేసిందట. పళ్లచక్రాలూ ఇరుసులూ ఉండే టెక్నిక్ రకం 1977లో వచ్చిందట. "1958 నాటి ఇటుక ఇయ్యాళ్టి ఇటుకను ఠక్కున పట్టుకుంటది. మనింట్లో పోయినేడు పెట్టిన తలుపుకు గడియ పడుద్దా?" అని నిలదీస్తాడు. పడదు. ఆ గడియ బిగించిందీ ఆయనే.

2023లో లెగోవాళ్లు లీబెర్ కంపెనీ ఎల్‌ఆర్ 13000 క్రేనుకు నమూనా తెచ్చారు. ముక్కలు 2,883. అసలు క్రేను 3,000 టన్నులు ఎత్తుతుంది. పెట్టె ధర విని పిన్ని, "ఆ డబ్బుకు పాత మోటారు సైకిలొస్తది" అంది. "మోటారు సైకిలు బరువులెత్తుద్దా?" అన్నాడు బాబాయి. ఆ మాటకు ఇంట్లో రెండు పూటలు పచ్చడి మెతుకులే. పెట్టె కొనలేదు. ఫొటో గోడకు అంటించుకుని, ఉన్న ఇటుకలతోనే మొదలుపెట్టాడు.

క్రేను లేచింది. హాల్లో టీవీ కనపడదు. బూము, అంటే క్రేను చెయ్యి, పొడవు 80 సెంటీమీటర్లు. దాని చివర కిలో బరువు వేలాడదీస్తే క్రేను ముందుకు బోర్లా పడుతుంది. పడకుండా ఉండాలంటే వెనకవైపు 20 సెంటీమీటర్ల దూరంలో నాలుగు కిలోలు పెట్టాలి. బూము సొంత బరువుకు ఇంకాస్త కలపాలి. ఈ లెక్క తేలిన సాయంత్రం కిరాణాకొట్లో తూకంరాళ్లు మాయమయ్యాయి. కొట్టాయన రెండు రోజులు కందిపప్పు ఉజ్జాయింపుగా కొలిచాడు.

అసలు కథ గేర్లలో ఉంది. హ్యాండిలు దగ్గర 8 పళ్ల చక్రం, దాని పక్కన 24 పళ్లది. అక్కడ మూడు చుట్లకు ఒక చుట్టు. ఆ ఒక్క చుట్టు వెళ్లి మరచుట్ల వర్మ్ గేరును తిప్పుతుంది. అది ఒకసారి తిరిగితే ఎదుటి 24 పళ్ల చక్రంలో ఒక్క పన్ను జరుగుతుంది. వెరసి హ్యాండిలు 72 సార్లు తిప్పితే తాడు చుట్టే డ్రమ్ము ఒక్కసారి తిరిగి, నాలుగు సెంటీమీటర్ల తాడు లోపలికి లాగుతుంది. కొక్కెం దగ్గర గిలకల మీదుగా తాడు నాలుగు వరసలు పోతుంది కాబట్టి బరువు లేచేది ఒక్క సెంటీమీటరు. బరువు చేతికి తెలియదు. కాలం మాత్రం బాగా తెలుస్తుంది.

లోడు టెస్టుకు మార్కాపురం పలకలు తెచ్చాడు, కిలో కట్ట. దేశమంతటి పిల్లల చేత అక్షరాలు దిద్దించిన పలకలు చివరికి బాబాయి కొక్కేనికి వేలాడాయి. 30 సెంటీమీటర్లు ఎత్తాలంటే 2,160 చుట్లు. వీధిలో పిల్లలు వంతులు వేసుకుని తిప్పారు. ట్యూషన్‌కు వెళ్లాల్సినవాళ్లు కూడా వెళ్లలేదు. పిన్ని చీపురుతో వచ్చి, దారికి అడ్డంగా ఉందని ఆ కట్టను ఒంటిచేత్తో తీసి బల్ల మీద పెట్టింది. అర నిమిషం ఎవరూ మాట్లాడలేదు.

బాబాయి కళ్లజోడు తుడుచుకుని అన్నాడు: "ఎత్తావు, సరే. తెల్లారిందాకా చెయ్యి దించకుండా పట్టుకు నిలబడు, చూద్దాం."

ఆయన గుట్టంతా ఆ మాటలో ఉంది. వర్మ్ గేరును హ్యాండిలు తిప్పగలదు, బరువు వెనక్కి తిప్పలేదు. చెయ్యి వదిలేసినా కొక్కెం జారదు. పలకలు మళ్లీ కొక్కేనికెక్కాయి, రాత్రంతా గాల్లోనే ఉన్నాయి. తెల్లారి పాలవాడు చూసి దణ్ణం పెట్టుకున్నాడు. బాత్రూములో కుళాయి మాత్రం ఆ రాత్రీ కారింది.

మా మండలం మీదుగా నడికుడి–శ్రీకాళహస్తి రైలు మార్గం పడుతోంది. 309 కిలోమీటర్లు, 2011-12లో మంజూరైన లైను. ఆ పనికి నిజం క్రేను దిగితే చాలు, బాబాయి గొడుగేసుకుని హాజరు. "అవుట్‌రిగ్గరు కాళ్ల కింద దుంగలు పరిచావా అబ్బయా?" అని మొదలుపెడతాడు. "బూము వాలేకొద్దీ మోసే బరువు తగ్గుద్ది. చార్టు చూశావా?" ఆపరేటరు కంగారుగా హెల్మెట్ పెట్టుకుని, "సార్, తమరు రైల్వేనా, కాంట్రాక్టరు తాలూకానా?" అని అడిగాడు. "సొంత క్రేను," అన్నాడు బాబాయి. కుర్చీ వేశారు. టీ తెప్పించారు.

ఊరు ఆయన్ని చూసి నవ్వుతుంది. నవ్వనీయండి. బరువు ఎత్తుతామని మైకులో చెప్పినవాళ్లను మా పడమటి ప్రకాశం చాలామందిని చూసింది. ఎత్తింది జారిపోకుండా పట్టుకోవడం గురించి నిద్ర మానుకుని ఆలోచించినవాడు, నాకు తెలిసి, ఈయనొక్కడే.

మీరెప్పుడైనా పొదిలి నుంచి మార్కాపురం పోతూ మా ఊళ్లో దిగితే చూసి వెళ్లండి. మూడు జాగ్రత్తలు. "పిల్లల కోసమా?" అని అడక్కండి. వేలాడే బరువు కింద నిలబడకండి, ఆ రూలు ఇంట్లో పిల్లికి కూడా వర్తిస్తుంది. ముఖ్యంగా, తిరుగు బస్సుకు టైము దగ్గర పెట్టుకుని రాకండి. హ్యాండిలు మీ చేతికే ఇస్తాడు.