టాకీసు గేటు ఫ్లెక్సీ: టీకా తాత్పర్య విశేష సహితం

అవతారిక

కోస్తాలో ఒక పట్టణం. బస్టాండు దిగి నాలుగడుగులు వేస్తే పాత టాకీసు. దాని ఇనుప గేటుకు బైండింగు వైరుతో కట్టిన ఫ్లెక్సీయే ఇక్కడ మూలగ్రంథం. కర్త అజ్ఞాతుడు. రసం కరుణమా బీభత్సమా అన్న దగ్గర ఊళ్ళో రెండు వర్గాలున్నాయి. ఆ హాల్లో మరుగుదొడ్డికి వెళ్ళొచ్చినవాళ్ళు బీభత్సమంటారు, వెళ్ళనివాళ్ళు కరుణమంటారు. మూలంలో లేనిది రాయనని వ్యాఖ్యాత కొలచాల మల్లినాథ సూరి ఒట్టు పెట్టుకున్నాడు. మన మెదక్ సీమ వాడే. ఆయన కాలానికి ఫ్లెక్సీలు లేవు కనుక ఆ ఒట్టు చెల్లింది. ఇందులో ఉన్నదానికన్నా లేనిదే ఎక్కువ కాబట్టి నాకు చెల్లదు.

మూలం

ప్రేక్షక దేవుళ్ళకు విజ్ఞప్తి. నవీకరణ పనుల నిమిత్తం ఈ హాలు తాత్కాలికంగా మూసివేయబడినది. త్వరలో ఐదు తెరలతో, అంతర్జాతీయ ప్రమాణాలతో మీ ముందుకు రానున్నది. బయటి తినుబండారములు అనుమతించబడవు. అసౌకర్యానికి చింతిస్తున్నాము. ఇట్లు, యాజమాన్యం.

టీక

*ప్రేక్షక దేవుళ్ళకు* = టిక్కెట్టు కొన్నవారికి. నైవేద్యం కూడా దేవుళ్ళే కొనుక్కోవాలని ముందు ముందు తెలుస్తుంది.

*నవీకరణ పనుల నిమిత్తం* = చేతులు మారినందువల్ల. పాత యజమానిని బెదిరించి లాక్కున్నారని కొందరి వ్యాఖ్య. అది సాధువు కాదు. 2021 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చిన 35వ నంబరు జీవో ప్రకారం పంచాయతీ ఊళ్ళలో ఏసీ లేని హాలులో ఆఖరి తరగతి టిక్కెట్టు 5 రూపాయలు. కరెంటు బిల్లు కట్టే స్తోమత ఆ ఐదుకు లేదని ఎగ్జిబిటర్లు మొత్తుకున్నారు, డిసెంబరుకల్లా చాలా హాళ్ళకు తాళాలు పడ్డాయి. మరుసటి మార్చిలో రేట్లు సవరించారు గానీ, మెయిన్ రోడ్డు మీది స్థలం పక్కన పెట్టుకుని ఎంతకాలమని రేట్ల కోసం చూస్తారు? పైగా తెలుగునాట ఒంటి హాలుకు యజమాని ఒకరు, లీజుదారు ఇంకొకరు కావడం పాత సంగతే. హాళ్ళన్నీ ‘ఆ నలుగురు’ సినీ పెద్దల గుప్పిట్లో ఉన్నాయన్న గొడవ 2025లో కూడా లేచింది. కాబట్టి ప్రజల సొత్తును పెద్ద కంపెనీ మింగిందనడం అతిశయోక్తి అలంకారం మాత్రమే.

*తాత్కాలికంగా* = శాశ్వతంగా. విపరీత లక్షణ.

*మూసివేయబడినది* = కర్మణి ప్రయోగం. ఎవరిచేత? అని ఆకాంక్ష పుడుతుంది, తీరదు. చివరిపదం దగ్గర మళ్ళీ చూడవలెను.

*ఐదు తెరలతో* = వెయ్యిమంది పట్టే గదికి అడ్డుగోడలు కట్టి. పూర్వం ఒకే తెర, నాలుగు తరగతులు: నేల, బెంచీ, కుర్చీ, బాల్కనీ. నేల టిక్కెట్టు వాడు తెర ముందు కూర్చుని మెడ పైకెత్తి చూసేవాడు. బాల్కనీలో తాసిల్దారు కుటుంబం చూసేది. ఈల మాత్రం నేల నుంచే లేచేది, ఆ ఈల పడితేనే సినిమా ఆడుతుందని బయ్యర్లు లెక్క కట్టేవారు. ఇప్పుడు ఐదు తెరలు, ఒకే తరగతి. మిగిలిన తరగతులు గేటు బయట. తెలంగాణలో 2021 డిసెంబరు నాటి 120వ జీవో మల్టీప్లెక్సులో మామూలు సీటు టిక్కెట్టుకు 100 రూపాయల కనిష్ఠం, 250 గరిష్ఠం పెట్టింది, జీఎస్టీ వేరే. గరిష్ఠం గురించి పత్రికలు చాలా రాశాయి. వ్యాఖ్యాత దృష్టి కనిష్ఠం మీద.

*అంతర్జాతీయ ప్రమాణాలతో* = మీట నొక్కితే వాలే కుర్చీలతో. వాలిన ప్రేక్షకుడు నిద్రపోతే బాధ్యత దర్శకుడిది.

*బయటి తినుబండారములు అనుమతించబడవు* = ఇక్కడ పూర్వపక్షం. మూసిన హాలుకు ఈ నిషేధం దేనికి? లోపలికి మనిషే పోలేనప్పుడు మరమరాలు ఎలా పోతాయి? సమాధానం: ఇది నిషేధం కాదు, వస్తునిర్దేశం. కావ్యారంభంలోనే కథా విషయాన్ని సూచించడం సంప్రదాయం. పెద్ద గొలుసు కంపెనీల రాబడిలో దాదాపు మూడో వంతు తిండిదే. 2023 జనవరిలో సుప్రీంకోర్టు హాలువారికి బయటి తిండిని ఆపే హక్కు ఉందని తేల్చింది. జిలేబీ తిని పాకం చేతులు సీటుకు తుడిస్తే ఎవరు కడుగుతారని ప్రధాన న్యాయమూర్తి అడిగారు. మంచినీళ్ళు మాత్రం ఉచితంగా ఇవ్వాలన్నారు. ఇక పాకాల సంగతి. ద్రాక్షాపాకం, కదళీపాకం, నారికేళపాకం అని ఆలంకారికులు మూడు చెప్పారు. 2024 డిసెంబరులో జైసల్మేర్‌లో కూర్చున్న జీఎస్టీ మండలి పాప్‌కార్న్‌కీ అప్పట్లో మూడే చెప్పింది: ఉప్పూ కారం చల్లి విడిగా అమ్మితే 5 శాతం, ప్యాకెట్టు కట్టి లేబులు అంటిస్తే 12, చక్కెర పాకం పడితే 18. రసహృదయులు మొదటిదానితో తృప్తి పడుదురు గాక.

*అసౌకర్యానికి చింతిస్తున్నాము* = స్పష్టం.

*ఇట్లు, యాజమాన్యం* = అసలు చిక్కు ఇదే. కరెంటు పోయి జనరేటరు అందుకోకపోతే పూర్వం ప్రేక్షకులు యజమానిని పేరు పెట్టి పిలిచేవారు. తాత ముత్తాతలను కూడా కలిపేవారు. ఆయన వరండాలో పేము కుర్చీలో కూర్చుని అన్నీ వినేవాడు. ‘యాజమాన్యం’ అన్న నపుంసకలింగానికి తాతలుండరు, తిట్టడం ఎలా? అయినా కృత్యాదిలో వంశవర్ణన ఆచారం కనుక చెబుతున్నాను. ఢిల్లీ వసంత్ విహార్‌లో ప్రియ అని ఒక ఒంటి హాలు. ఆ ఇంటి కుర్రాడు అజయ్ బిజ్లీ ఆస్ట్రేలియావారి విలేజ్ రోడ్‌షోతో చేతులు కలిపి, 1997లో సాకేత్‌లోని అనుపమ్ హాలును నాలుగు తెరలు చేశాడు. ప్రియ, విలేజ్, రోడ్‌షో: పీవీఆర్. అంటే ఒంటి హాళ్ళను మింగేది కూడా ఒంటి హాలు కడుపున పుట్టిందే. అది 2012లో సినీమ్యాక్స్‌ను, 2018లో మద్రాసు సత్యం హాళ్ళ ఎస్పీఐని కొన్నది. అటు ఐనాక్స్ 2010లో ఫేమ్‌ను, 2014లో ఢిల్లీ సత్యం సినీప్లెక్సులను కొన్నది. మా బెజవాడ గాంధీనగర్ ఊర్వశికి కూడా ఆ ఐనాక్స్ పేరే ముందు చేరింది. 2023 ఫిబ్రవరిలో పీవీఆర్, ఐనాక్స్ ఒకటయ్యాయి. కలిసి 1500 పైచిలుకు తెరలు. మత్స్యన్యాయం.

తాత్పర్యం

మీ హాలు ఇక మీది కాదు. నిన్న మాత్రం మీదా అని అడగవద్దు.

విశేషాలు

సత్యం ఎప్పుడూ గెలుస్తుందని పెద్దలంటారు. సినిమా హాళ్ళ విషయంలో ఆ ప్రమాణం కుదరదు. మద్రాసు సత్యం, ఢిల్లీ సత్యం అమ్ముడుపోయాయని చూశాం. హైదరాబాదు అమీర్‌పేట సత్యాన్ని పడగొట్టిన చోట ఏషియన్ సినిమాస్, అల్లు అర్జున్ కలిసి 2023లో మల్టీప్లెక్సు తెరిచారు. అక్కడ మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి, శబ్దం బాగుంది. ఆడవాళ్ళు రెండో ఆటకు ధైర్యంగా వెళుతున్నారు. ఇది దోషప్రకరణం కాదు కనుక చెప్పక తప్పదు.

ప్రక్షిప్తం: ఫ్లెక్సీ కింద అట్టముక్క మీద నీలి సిరాతో ఇంకో పాఠం ఉంది. ‘పాత కుర్చీలు, ఫ్యాన్లు, ప్రొజెక్టరు అమ్మబడును. బేరము లేదు.’ లిపి వేరు, శైలి వేరు కనుక మూలకర్తది కాదని పండితుల మతం. కానీ దాని కింద ఒక మనిషి పేరూ ఫోను నంబరూ ఉన్నాయి. ఆ గేటు మీద కర్త తెలిసిన గ్రంథం అదొక్కటే కాబట్టి ప్రామాణికమని నా మతం. బేరము లేదన్నది మాత్రం వట్టి అర్థవాదం. బాల్కనీ కుర్చీలు టిఫిను హోటలువాడికి సగం ధరకే పోయాయి.